లింబాద్రి సార్, ఒంటికొమ్ము ఇర్రి

కెమెరా బటన్ సగం నొక్కి పట్టుకుంటే పాత లెన్సుల్లో ఒక చప్పుడు వచ్చేది. ఇప్పటివాటిలో అది దాదాపు వినబడదు. మొన్న ఒక స్నేహితురాలు అమ్మకానికి పెట్టిన పాత పెద్ద లెన్సును ‘ఒకసారి చూసి చెప్పవే’ అంటూ నా చేతికిచ్చింది. కెమెరాకు తగిలించి బటన్ సగం నొక్కాను. లోపల ‘జుయ్’మని మొదలై చిన్న ‘టక్’తో సర్దుకుంది. కంటి ముందు ఊగుతున్న ఎదురింటి పిట్టగోడ ఒక్కసారిగా కుదురుగా నిలబడింది. లెన్స్ బాగుందో లేదో చెప్పడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉండిపోయాను. ‘ఏమైందే?’ అని ఆమె రెండుసార్లు అడిగింది. ఏమీ కాలేదు, లింబాద్రి సార్ గుర్తొచ్చారు. ఆయన్ను చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పుకోవాలి. వేరే దారి లేదు.

రెండువేల ఏడో, ఎనిమిదో. ఆర్మూరు పాత బస్టాండు దగ్గర ఆయన స్టూడియోలో కంప్యూటర్ పనికి చేరాను. నా పేరు సుమ, అప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాన్న తాపీ మేస్త్రి, అమ్మ పసుపు కూలికి పోయేది. రోజూ జక్రాన్‌పల్లి నుంచి హైవే బస్సులో వచ్చేదాన్ని. పెళ్లి ఆల్బమ్‌లు చేయడం నా పని. పెళ్లికూతురి మొటిమలు తీసేయాలి, ఎండకు నల్లబడ్డ పెళ్లికొడుకును కొంచెం తెల్లబరచాలి, పెళ్లికి రాలేకపోయిన మేనమామను గ్రూపు ఫొటో చివర్లో నిలబెట్టాలి. మేనమామల విషయంలో నాకు తిరుగులేదు. వాళ్ల నీడను కూడా పక్కవాళ్ల నీడ పడ్డ దిక్కుకే పడేసేదాన్ని. అలా నేను పెళ్లికి పంపిన మేనమామలు ఇప్పటికీ ఎన్ని ఇళ్ల అల్మారాల్లో ఉన్నారో!

స్టూడియో పక్కనే రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. సీజనులో గాలి నిండా పసుపు దుమ్మే. సార్ కెమెరాలను పాలిథిన్ కవర్లలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి దాచేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగి నడిచేవారు. కోపంతో గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు. ఆదివారమైతే చాలు, పెళ్లి లేకపోతే బండేసుకుని నందిపేట్ అవతలికి, గోదావరి ప్రాజెక్టు నీళ్లు తగ్గిన గడ్డి భూముల్లోకి పోయేవారు. అక్కడ కృష్ణజింకలు తిరుగుతాయి. గొర్రెల కాపర్లు వాటిలో మగదాన్ని ‘ఇర్రి’ అంటారు. ‘పెండ్లిళ్లల్ల చాలటం లేదా సార్, జింకల ఫొటోలు ఎవరు కొంటరు?’ అని ఒకసారి అడిగాను. ‘పెండ్లిల అందరు నన్ను చూసి నవ్వుతరు బిడ్డా. నవ్వమని నేనే చెప్తగదా! జింకలు నవ్వయి. గందుకే పోత’ అన్నారు.

ఆ జింకల కోసమే హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక పెద్ద లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్నారు. తెచ్చిన రోజే పరీక్ష పెట్టారు. కెమెరాను స్టాండు మీద బిగించి నన్ను దాని వెనక నిలబెట్టి, తాను రోడ్డు దాటి అవతలికి పోయి, న్యూస్‌పేపర్ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. పేపర్లో అక్షరాలు ఎంత తేటగా వస్తాయో చూడాలని. నేను బటన్ నొక్కబోతుంటే అక్కణ్నుంచి అరిచారు: ‘ఆగు సుమా! స్టెబిలైజర్ బంద్ చేసి నొక్కు!’

మా ఊళ్లలో స్టెబిలైజర్ అంటే ఏమిటో చిన్నపిల్లలకైనా తెలుసు. ఓల్టేజీ ఎక్కువ తక్కువలకు టీవీ కాలిపోకుండా పెట్టే డబ్బా. లోపలికి ఉరికి, టేబుల్ కింద ఉన్న డబ్బా స్విచ్చు ఠక్కున ఆపేశాను. కంప్యూటర్ నల్లబడింది. పొద్దుట్నుంచి చేస్తున్న ఆల్బమ్, సేవ్ చేయనిది, మేనమామతో సహా గంగలో కలిసింది. అది కూడా గమనించకుండా బయటికొచ్చి ‘బంద్ చేసిన సార్!’ అని గర్వంగా అరిచి బటన్ నొక్కాను.

సార్ వచ్చి చూశారు. లెన్సు పక్కన ఉన్న చిన్న మీట చూశారు, లోపల నల్లటి తెర చూశారు, నన్ను చూశారు. తిడతారనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ‘తప్పు నీది గాదు. రెంటికీ ఒక్కటే పేరు పెట్టినోళ్లది’ అన్నారు. తర్వాత ఆ మీట చూపించి చెప్పారు. ‘ఇంట్ల డబ్బా ఏం చేస్తది? కరెంటు ఎగురుడు దుంకుడు టీవీ దాకా రానియ్యది. కని టీవీల ఎగిరేటోళ్లను ఆపుతదా? ఆపదు. గిదీ గంతే. మన చెయ్యి వణుకుడు ఆపుతది. జింక ఉరుకుడు ఆపది. దానికి షట్టర్ స్పీడే మందు. ఇగ స్టాండు మీద ఉన్నప్పుడు చెయ్యే లేదు, వణుకే లేదు. లేని వణుకును వెతుక్కుంట గిదే వణుకుతది. గందుకే బంద్ చెయ్యాలె.’

‘అర్థమైంది సార్’ అన్నాను. అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను, అది ఇంకా ప్రమాదం.

తర్వాతి మాఘమాసంలో ఒక పొద్దున లచ్చవ్వ స్టూడియోకు వచ్చింది. నందిపేట్ అవతల గొర్రెలు కాసే బీరయ్య భార్య. జింకలు ఎటు మేస్తున్నాయో సార్‌కు చూపించేది బీరయ్యే. ఆమె గడపలోనే కూలబడి ‘ఫొటో సారూ, మా ఆయిన్ని పట్టుకపోయిన్రు. ఇంట్ల కొమ్ము దొరికిందని’ అని ఏడుపు ఎత్తుకుంది.

ఆర్మూరులో కొమ్ము అంటే పసుపు కొమ్మే. పక్క దుకాణంలో పొద్దస్తమానం కొమ్ము ధర ఎంత, గుండ్రటి దుంప మండ ధర ఎంత అన్న మాటలే. ‘ఏ అడ్తిలకెళ్లి తెచ్చిండవ్వా? ఒక్క కొమ్ముకు పట్టుకపోతరా?’ అన్నాను, ఆయన దొంగతనం చేశాడనే అనుకుని. ఆమె ఏడుపు ఆపి నా వైపు అదోలా చూసింది. ‘పసుపు కొమ్మా? నా కర్మ! ఇర్రి కొమ్ము బిడ్డా!’

సంగతి ఇది. మందలో పెద్ద ఇర్రులు రెండు కొట్లాడుకుంటే ఒకదాని కొమ్ము విరిగి పడింది. బీరయ్య దాన్ని తెచ్చి, పిల్లలకు దిష్టి తగలకుండా గుమ్మానికి కడదామని చూరులో పెట్టాడు. ఎవరో చెప్పగా అటవీ ఆఫీసు వాళ్లు వచ్చి చూశారు. కొమ్ముందంటే జింకను చంపినట్టే అనుకున్నారు. బీరయ్య ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. సార్ వెంటనే వెళ్లి ఆ ఆఫీసరును కలిశారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ‘కొమ్ము ఉంచుకునుడు గూడ తప్పే, అది ఎట్లైనా ఉంటది. చంపిండన్న కేసు వేరే, అండ్ల పడితే ఏండ్లు పోతయి. జింక బతికే ఉందంటున్నరు గదా, చూపెట్టుండ్రి. మూడు రోజులు ఆగుత. తర్వాత కాయితాలు కోర్టుకు పోతయి’ అన్నాడట. సార్ దగ్గర ఆ ఇర్రి ఫొటోలు బోలెడున్నాయి, అన్నీ రెండు కొమ్ములు ఉన్నప్పటివే. కావలసింది ఒంటికొమ్ముతో బతికున్న ఇర్రి.

మొదటి రోజు సార్‌కు నవీపేట్‌లో పెళ్లి, ముహూర్తం పొద్దున్నే. వదిలే వీల్లేదు. ‘నేను పోత సార్’ అన్నాను. ఎవరూ అడగలేదు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి పెద్ద లెన్స్ నా చేతిలో పెట్టారు. ‘ఉరుకుతుంటే స్పీడ్ పెంచు. చుక్కలొస్తయని భయపడకు’ అన్నారు బండి ఎక్కుతూ. చుక్కలంటే, స్పీడు పెంచి వెలుతురు చాలనప్పుడు కెమెరా సెన్సిటివిటీ పెంచితే బొమ్మ నిండా వచ్చే గరుకు. పెళ్లివాళ్లు ఆల్బమ్‌లో చుక్క కనిపిస్తే కొట్లాటకొచ్చేవారు. వాళ్ల తిట్లు తిని తిని చుక్కలంటే నాకు పామును చూసినంత భయం. స్టెబిలైజర్ ఉండగా స్పీడుతో పనేముంది, తక్కువలోనే తేటగా వస్తుంది అని నా లెక్క.

నేనూ లచ్చవ్వా నందిపేట్ దాకా షేర్ ఆటోలో, అక్కణ్నుంచి నడిచి పోయాం. ఆటోలో ఒకాయన లెన్స్ చూసి ‘గిదేం గొట్టం బిడ్డా, బోరుదా?’ అన్నాడు. గడ్డి మోకాళ్లపైకి ఉంది. జింకలు తల వంచి మేస్తుంటే వీపులు తప్ప ఏమీ కనబడవు. నేను తిన్నగా వాటి మీదికే నడిచాను, బస్సెక్కడానికి పోయినట్టు. అవి తలెత్తాయి, ఉరికాయి. నల్లటి పెద్ద ఇర్రి అన్నిటికంటే ముందు. కెమెరాను బిగబట్టి వరసగా నొక్కాను. పద్నాలుగు ఫొటోలు. లచ్చవ్వ ‘అదే! అదే! ఒంటికొమ్ము!’ అని ఎగిరింది. నేనూ ఎగిరాను.

స్టూడియోకు వచ్చి కంప్యూటర్లో తెరిచాను. గడ్డి అద్భుతంగా వచ్చింది. పోచ పోచకూ మధ్య సందు కనబడుతోంది. ఆ గడ్డి మీదుగా నల్లటి మరక ఒకటి సాగిపోయి ఉంది. దాని తలకు కొమ్ము ఒకటా రెండా అంటే దేవుడికే తెలియాలి. పద్నాలుగూ అంతే. స్టెబిలైజర్ తన పని తాను చేసింది. నా చెయ్యి వణకలేదు. జింక ఉరికింది. అప్పుడు, ఆ కుర్చీలో, సార్ సంవత్సరం కిందట చెప్పింది నాకు అర్థమైంది.

లచ్చవ్వ పక్కనే ఉంది. ‘వచ్చిందా బిడ్డా?’ అని అడుగుతోంది. రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సార్ పాత ఫొటో ఒకటి తెరిచాను. అదే ఇర్రి, ఉరుకుతూ, రెండు కొమ్ములతో, అద్దంలా ఉంది. కుడి కొమ్ము కోసేశాను. కోసిన చోట మోడు చేశాను. వెనక ఇవాళ్టి గడ్డి అతికించాను. అరగంట పట్టింది. మేనమామలను నిలబెట్టిన చేతికి అదెంత పని! ప్రింటు తీసి చేతికిస్తే ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. ‘మా ఇంట్ల దీపం పెట్టినవు బిడ్డా’ అంది. నాకు నిజంగానే ఏదో మేలు చేసినట్టనిపించింది.

సాయంత్రం సార్ నవీపేట్ నుంచి వచ్చారు, అంగీ మీద తలంబ్రాల పసుపుతో. ప్రింటు చూశారు. కాసేపు చూశారు. ఇర్రి మీద వెలుతురు ఎడమ నుంచి పడుతుంటే గడ్డి మీద కుడి నుంచి పడుతోందని ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మేనమామల నీడలు సరిచూసే నేను, తొందరలో అది చూసుకోలేదు.

‘గిది ఎక్కడిది సుమా?’

ఆయన నన్ను వదిలేసి లచ్చవ్వ ముందు కింద కూర్చున్నారు. ‘లచ్చవ్వా, గిది అబద్ధం ఫొటో. మా పిల్ల నీ బాధ చూడలేక చేసింది’ అన్నారు.

ఆమె ప్రింటును గుండెకు హత్తుకుంది. ‘అబద్ధమైతేంది సారూ? మా ఆయిన చెప్పింది నిజమే గదా?’

‘నిజమే’ అన్నారు సార్. ‘నిజమే గనుకనే వద్దంటున్న. రేపు గిది అబద్ధమని తేలిందనుకో, నీ మొగని మాట గూడ అబద్ధమైతది. ఇగ నిజంగ ఇర్రిని తెచ్చి నిలబెట్టినా ఎవ్వడు నమ్మడు.’ లచ్చవ్వ ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది, మాకా ఆఫీసరుకా తెలియలేదు. తర్వాత తనే ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టింది. కంప్యూటర్లోది చెరిపేసే పని నాతోనే చేయించారు. ‘పెండ్లిల మేనమామను పెడితే ఇంటోళ్లందరికి ఎర్కనే, ఆయన రాలేదని. గీ ఫొటో చూసేటోనికి ఎర్క లేదు. ఫరకు గంతే’ అన్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాటి పెళ్లి పక్క స్టూడియో వాళ్లకు అప్పజెప్పి తానే బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. ఆ రోజంతా కూర్చున్నాం. మంద అవతలి గట్టు మీదే ఉండిపోయింది. ఆ దూరానికి ఏ లెన్సూ చాలదు.

మూడో రోజు లచ్చవ్వ ఒక ఉపాయం చెప్పింది. ‘గొర్ల ఎనుక పోదాం. గొర్లను చూస్తే ఇర్రులు బెదరవు. మా ఆయిన గట్లనే పోతడు.’ గొర్రెల మంద వెనక, వాటి దుమ్ము తింటూ, నడుం వంచి నడిచాం. సార్ కెమెరా నా మెళ్లో వేశారు. ‘సార్, వద్దు! మీరే తియ్యుండ్రి. మల్ల పోగొడితే ఆ మనిషి బతుకు ఆగమైతది’ అన్నాను, కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. ‘నాది యాభై దాటిన కన్ను. ఉరికే దాని ఎంబడి పోదు. నిన్న పిట్టల మీద చూసిన, పట్టలే. నువ్వు ఎలుక పట్టుకోని ఎంటిక పక్కన ఎంటిక కోస్తవు. నీ చెయ్యే పోవాలె’ అన్నారు. ఎలుక అంటే కంప్యూటర్ మౌసు. జాలితో అన్న మాట కాదది. ముందురోజు ఆయన కొంగల మీద పదేపదే ప్రయత్నించి మెల్లగా కెమెరా దించడం నేను చూశాను.

పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెప్పారు, సెలైన్ ఎక్కించినట్టు నిమ్మళంగా. షట్టర్ స్పీడు వెయ్యి పైన, అంటే సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. సెన్సిటివిటీ ఎనిమిది వందలు. ‘చుక్కలు రానీ. చుక్కలల్లకెళ్లి గూడ మొకం గుర్తుపట్టొచ్చు. సాగిపోతే ఎవ్వడూ గుర్తుపట్టడు.’ స్టెబిలైజర్ రెండో నంబరు మీద. ‘పక్కకు తిప్పితే ఊకుంటది, మీదికి కిందికి ఊగితేనే పట్టుకుంటది. నువ్వు దానితోటి కొట్లాడకు, జింకతోటి పో. ముందే సగం నొక్కి పెట్టు. లోపల సర్దుకునేదాక ఆగు. నొక్కినంక గూడ తిప్పుడు ఆపకు.’

ఎక్కడో కుక్క మొరిగింది. తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఆడజింకల మధ్య నుంచి నల్లటి ఇర్రి బయటపడింది, గాల్లోకి లేచింది. నేను సగం నొక్కే ఉన్నాను. నడుం నుంచి తిరిగాను, దానితో పాటు, అది ఎంత పోతే అంత. చూపులో దాని తల కదలకుండా ఉంది, వెనక గడ్డి నీళ్లలా పారుతోంది. నొక్కుతూనే తిరిగాను. తిరిగి తిరిగి సార్ మోకాలి మీద పడ్డాను.

ఇరవై రెండు ఫొటోల్లో మూడు వచ్చాయి. ఎడమ కొమ్ము పురి తిరిగి పైకి పోయింది. కుడివైపు జానెడు మోడు. బొమ్మ నిండా చుక్కలే, ఏ పెళ్లివాళ్లూ ముట్టుకోరు. లచ్చవ్వ కెమెరా వెనక ఆ బుల్లి తెర మీద చూసి ఈసారి ఏడవలేదు, ఎగరలేదు. ‘గిది నిజమేనా?’ అని నన్ను కాదు, సార్‌ను అడిగింది. నాకు తగిన శాస్తే. ఆయన తలూపారు.

అటు నుంచి అటే ఆఫీసుకు పోయాం. సార్ ప్రింటు తీయిస్తానంటే ఆఫీసరు వద్దన్నాడు. ‘ఫొటో కాదు, కెమెరా ఇటియ్యుండ్రి. కార్డుల చూస్త. గిప్పుడు కంప్యూటర్ల ఏమన్న చేస్తున్నరట గదా’ అన్నాడు. సార్ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయన మంచితనం. ఆఫీసరు బటన్లు నొక్కుతూ ముందుకూ వెనక్కూ చాలాసేపు చూశాడు, దొరికిన కొమ్మును పక్కన పెట్టుకుని మోడుతో పోల్చాడు. చంపాడన్న మాట కేసులోంచి తీసేశారు. కొమ్ము దాచుకున్నందుకు బీరయ్య కొన్నాళ్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు గానీ, ఇంటికొచ్చి పడుకున్నాడు, గొర్రెలు కాసుకున్నాడు.

నెల తర్వాత బీరయ్య కొత్త రుమాలు చుట్టుకుని స్టూడియోకు వచ్చాడు. ఫొటో దిగి, నా చెవి దగ్గరకొచ్చి అడిగాడు. ‘బిడ్డా, నన్ను, గా ఇర్రిని పక్కపక్కన నిలవెట్టు. ఒక్క ఫొటోల. నన్ను ఇడిపిచ్చింది గదనే గదా.’ నేను మౌసు వదిలేశాను. అప్పటికి నెల రోజులుగా మొటిమ తీయాలన్నా చెయ్యి ఆడటం లేదు. సార్ లోపలి నుంచి విన్నారు. ‘కలుపు, ఫికర్ చెయ్యకు’ అన్నారు. ‘కింద మాత్రం కలిపిన ఫొటో అని రాయి. రాసినంక ఏనుగును తెచ్చి నిలవెట్టినా తప్పు లేదు.’ రాశాను. బీరయ్యకు చదువు రాదు. ఏం రాశావని అడిగితే చదివి చెప్పాను. ‘మంచిగుంది, పేరు లెక్క’ అన్నాడు.

అప్పట్నుంచి కలిపిన ప్రతి ఫొటో కింద ఆ రెండు మాటలు రాస్తూనే ఉన్నాను. సొంత స్టూడియో పెట్టుకున్నాక కూడా. కొందరు నవ్వుతారు, కొందరు చెరిపేయమంటారు, ఒకరిద్దరు వేరే స్టూడియోకు పోయారు. పోనీ.

సార్ పోయి ఆరేళ్లయింది. గుండెపోటు. పదో రోజుకు గోడ మీద పెట్టడానికి ఫొటో కావాలని ఆయన భార్య గంగమణి గారు నన్ను పిలిపించారు. అందరి ఫొటోలూ తీసిన మనిషికి తనది ఒక్కటి సరైనది లేదు. ఉన్నవాటిలో అంగీ మీద ఎప్పుడూ మరకే. ‘ఆయన ఎన్నడు మంచిగ తయారు కాలే బిడ్డా. జర కోటు ఏసి చెయ్యి’ అన్నారామె. ముఖం ఆయనది, కోటు ఇంకెవరిదో. నీడలు ఒకే దిక్కుకు పడేలా రెండుసార్లు చూసుకున్నాను. కింద ఎప్పటిలాగే ‘కలిపిన ఫొటో’ అని రాశాను.

పదో రోజు చుట్టాల్లో ఒకాయన ఆ అక్షరాలు చూసి ‘గిదేంది, చావు ఫొటో మీద గీ రాతలు?’ అని విసుక్కుని, అవి కనబడకుండా దండను కిందికి గుంజాడు. నేను తల వంచుకున్నాను. గంగమణి గారు మెల్లగా లేచి వచ్చి, దండను రెండు చేతులా మళ్లీ పైకి జరిపారు.

‘ఉండనియ్యుండ్రి. మూసిపెడితే ఆయినకు నచ్చదు.’